మునిగేవాళ్ల వాచీలు బాగుచేసిన వదిన

వదిన పోయిందని పోయిన మంగళవారం పొద్దున ఆమె బిడ్డ ఫోన్ చేసింది. నేను అప్పుడు కుడికాలికి నూనె రాసుకుంటున్నాను. కొన్నేళ్లుగా లేవగానే నేను చేసే మొదటి పని అదే.

"కాకా, అమ్మ లేదు. చాయ్ తాగుదువు లెమ్మని లేపితే లేవలే. నిద్రలనే పోయింది" అంది.

"నొప్పి గిట్ల ఉందన్నదా బిడ్డా?"

"ఏమనలే. రాత్రి ఇంత మజ్జిగన్నం తిని పండుకుంది. గంతే."

నూనె చేతితోనే ఫోన్ పట్టుకుని చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ వయసులో ఏడుపు కంటే ముందు అలసట వస్తోంది. నీళ్లడుగున పనిచేసిన మా డైవర్ల జట్టులో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ప్రతిసారీ ఇలాగే కూర్చుంటున్నాను.

ఆఖరి ఏడాది ఆమె మిర్యాలగూడలో బిడ్డ దగ్గరే ఉంది. సాగనంపడానికి మాత్రం డ్యాం పక్కనున్న మా నందికొండకే తీసుకొచ్చారు. మధ్యాహ్నం ఎండలో పాత డైవర్లం ఐదుగురం వచ్చాం. మా ఐదుగురిలో ముగ్గురి చేతికి ఆమె విప్పి బిగించిన వాచీలే ఉన్నాయి. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని అక్కడే అనుకున్నాను. అందులో ఒక మాట నేను చేసిన తప్పు గురించి. అది రాయకపోతే ఆమె గురించి ఏం రాసినా సగమే అవుతుంది.

ఆమె నాకు చుట్టం కాదు. మాది ఆత్మకూరు దిక్కు, గొర్లు కాసుకునే కుటుంబం. ఎండాకాలం గొర్లను కృష్ణకు తోలుకుపోయి, అవి నీళ్లు తాగేలోపు నేను ఈత కొట్టేవాణ్ణి. ఆ ఈతే నన్ను నందికొండకు తెచ్చింది. డ్యాం గేట్లకు నీళ్లడుగున మరమ్మతులు చేసే కంట్రాక్టరు జట్టులో చేరాను. ఆ జట్టుకు పెద్ద ఆమె భర్త. ఆయన్ను అందరం అన్న అనేవాళ్లం కాబట్టి ఆమె అందరికీ వదిన అయింది.

పెళ్లికి ముందు వదిన హైదరాబాదులో ఒక వాచీల కంపెనీలో పనిచేసింది. పొడవాటి బల్ల ముందు వరసగా కూర్చున్న ఆడపిల్లల్లో తానూ ఒకతి. రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని, చిమటా అనే సన్నటి పట్టకారుతో చక్రాలు పట్టుకుని మిషన్లో కూర్చోబెట్టడమే పని. వాచీ లోపలి భాగాన్ని ఆమె ఎప్పుడూ మిషన్ అనే అనేది. పెళ్లయ్యాక ఆ పని మానేసి ఇక్కడికి వచ్చింది. కొన్నాళ్లు ఖాళీగా ఉంది. తర్వాత కూరగాయల మార్కెట్ పక్కన చాయ్ హోటల్ అరుగు మీద ఒక బల్ల వేసుకుని గోడ గడియారాలకు సెల్లులు మార్చడం మొదలుపెట్టింది.

మా వాచీలు ఆమె చేతికి వెళ్లడానికి కారణం అన్నే. మా జట్టుకు ఏడు వాచీలుండేవి. ఎప్పుడో ఎనభైలలో ఓడల మీద పనిచేసినవాళ్ల దగ్గర పాతవి కొన్నవి. బరువైన స్టీలు వాచీలు. చీకటి నీళ్లలో కూడా కనిపించేలా లావాటి ముళ్లు. అద్దం చుట్టూ తిరిగే అంకెల కట్టు ఉండేది. నీళ్లలోకి దిగేముందు ఆ కట్టు మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టుకుంటే, ఎంతసేపయిందో చూడగానే తెలిసిపోతుంది. అది ఒక్కవైపే తిరుగుతుంది. ఎందుకలా అని నేను ఒకసారి వదినను అడిగాను.

"పొరపాటున దేనికన్న తాకి తిరిగిందనుకో, ఎక్కువ సేపైనట్టు చూపిస్తది గాని తక్కువ చూపియ్యదు. నువ్వు జల్ది పైకొస్తవ్, బతుకుతవ్. గీ వాచి చేసినోడు నీ పానం గురించి ఆలోచన చేసిండు తమ్మీ" అంది.

అన్నిట్లోనూ సెల్లుతో నడిచే మిషన్లే. కానీ ఇప్పటి వాచీల్లో ఉండే ప్లాస్టిక్ మిషన్ల వంటివి కావు. ఆ కాలపు మిషన్లు ఇత్తడి పలకలతో, చిన్న చిన్న మరలతో, రాళ్లతో చేసినవి. పూర్తిగా విప్పొచ్చు, కడగొచ్చు, మళ్లీ బిగించొచ్చు. బియ్యపు గింజంత గొట్టంలో ఒక స్ఫటికపు ముక్క ఉంటుందని, సెల్లు కరెంటుకు అది సెకనుకు ముప్పై రెండు వేల చిల్లర సార్లు వణుకుతుందని, ఆ వణుకులన్నీ లెక్కపెట్టుకుని మిషన్ ఒక్కసారి ముల్లును జరుపుతుందని ఆమే చెప్పింది. వెంట్రుక కంటే సన్నటి రాగితీగ చుట్ట ఒకటి భూతద్దంలో చూపించింది. నాకు ఎర్రటి దారపుండలా కనిపించింది అంతే.

"గీ తీగ తెగిందంటే పని ఖతం. గందుకే చిమటా దీని దిక్కు రానియ్య" అంది.

మూత తీసేటప్పుడు బల్ల ముందు ఎవరున్నా సరే, "జర ఊపిరి ఆపు" అనేది. ఊపిరిలో తడి ఉంటుందని ఆమె భయం. మేం నవ్వేవాళ్లం. "మీకు అలవాటే గద, ఏం చచ్చిపోరు" అనేది తను మాత్రం నవ్వకుండా. విప్పిన భాగాల మీద గాజు గ్లాసు బోర్లించేది. చాయ్ ఎప్పుడూ సగం సాసర్లో పోసుకుని, బల్లకు దూరంగా, మెట్ల మీద కూర్చుని తాగేది. ఆమె చేతికి మాత్రం ఎప్పుడూ వాచీ లేదు. స్టీలు తగిలితే మణికట్టు మీద దద్దుర్లు వచ్చేవి.

వాచీలోకి నీళ్లు పోకుండా ఆపేవి మూత కింద ఒకటి, పక్కనుండే కీ దగ్గర ఒకటి సన్నటి రబ్బరు రింగులు. అవి గట్టిపడితే పనికిరావు. కొత్తవి వేశాక ఆమె పరీక్ష చేసే పద్ధతి వేరు. మిషన్ బయటికి తీసేసి, ఉత్త డబ్బాలో ఒక న్యూస్ పేపరు ముక్క పెట్టి, మూత బిగించి మాకు ఇచ్చేది. "తాడుకు కట్టి అడుగుదాక పంపుండ్రి" అనేది. పైకి తెచ్చాక తానే విప్పేది. కాగితం పొడిగా ఉంటేనే మిషన్ లోపలికి వెళ్లేది. కొంచెం మెత్తబడినా ఇంకో రింగు, ఇంకో కాగితం. ఒక వాచీకి ఇలా నాలుగుసార్లు చేయించింది. మాలో ఒకడు విసుక్కున్నాడు.

"వాచి ఆగితె భయం లేదు తమ్మీ. ఆగిందని తెల్వకపోతెనే భయం" అంది ఆమె. ఆ మాట నా విషయంలోనే నిజమవుతుందని అప్పుడు నేననుకోలేదు.

మా ప్రత్యేక రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం. నీళ్లు బాగా తగ్గాయి. గేటు ముందు చెత్త ఆపే ఇనుప జాలీలు కోసి కొత్తవి వేసే పని పడింది. తొంభై అడుగుల లోతు. అక్కడ పగలే ఏమీ కనిపించదు. టార్చి వేస్తే ఒండ్రు పొగలా లేస్తుంది. అంత లోతులో ఇరవై అయిదు నిమిషాలకు మించి ఉండకూడదని అన్న చెప్పాడు. అంతకు మించితే పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగుతూ రావాలి. లేకపోతే రక్తంలో గాలి బుడగలు లేచి మనిషిని పట్టేస్తాయి. ఇది మాకందరికీ తెలిసిన సంగతే.

నా వాచీకి వదిన అంతకు ముందురోజే కొత్త రింగులు వేసి ఇచ్చింది. కాగితం పొడిగా ఉండడం నేను కళ్లారా చూశాను. పొద్దున పడవలో అన్న వాచీతో పోల్చితే నాది నాలుగు నిమిషాలు వెనక ఉంది. మరమేకులా తిప్పి బిగించే కీ అది. దాన్ని విప్పి, బయటికి లాగి, ముళ్లు సరిచేశాను. ఇంతలో సిలిండర్లు కట్టుకోమని ఎవరో కేక వేశారు. కీని లోపలికి నొక్కాను. తిప్పి బిగించలేదు.

నీళ్లడుగున నా నడుముకు కట్టిన తాడు, టైం కాగానే పైనుంచి అన్న లాగి పిలిచే తాడు, జాలీకి మాటిమాటికీ చిక్కుకుంటోంది. పని సాగడం లేదని దాన్ని విప్పి జాలీకే కట్టేశాను. అది రెండో తప్పు. కాసేపటికి చూసుకుంటే పన్నెండు నిమిషాలే అయింది. అద్దం లోపల మసకగా ఉంది. నీళ్ల మురికే అనుకున్నాను. పని చేసుకుంటూ పోయాను. మళ్లీ చూశాను. పన్నెండేనా పదమూడా అని సరిగా తెలియలేదు. ఇంకా టైం ఉందిలే అనుకున్నాను. పైన అన్న తాడు లాగుతూనే ఉన్నాడట. అది జాలీని లాగింది, నన్ను కాదు. సిలిండర్లో గాలి అయిపోవస్తూ ఊపిరి అందకపోయేసరికి నాకు భయం పట్టుకుంది. ఎక్కడా ఆగకుండా పైకి వచ్చేశాను. అన్న లెక్కలో నలభై నిమిషాలు దాటాయి.

గంటకు మోకాలు పట్టేసింది. సాయంత్రానికి నడుము కింద ఏమీ తెలియలేదు. గాలి ఒత్తిడితో ఆ బుడగలు కరిగించే గది ఉన్న దవాఖాన చాలా దూరంలో, సముద్రం ఒడ్డు ఊళ్లో ఉంది. కంట్రాక్టరే బండి పెట్టి పంపించాడు. నెలన్నర అక్కడ ఉన్నాను. ఆ గదిలో పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నప్పుడు, మూడో రోజో నాలుగో రోజో, కీ తిప్పని సంగతి నాకు గుర్తుకొచ్చింది. ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకే ఇది రాస్తున్నాను.

నేను దవాఖానలో ఉండగా ఇక్కడ జరిగింది నా భార్య ఫోన్లో చెప్పింది. కంట్రాక్టరు మనిషైన సూపర్‌వైజరు, నా వాచీ పట్టుకుని వదిన బల్ల దగ్గరికి వెళ్లాడు. అన్న కూడా వెంట ఉన్నాడు.

"ఇప్పి చూసి చెప్పమ్మ. తప్పు వాచిదా, మనిషిదా? మనిషిదైతే మా సేటు దవాఖాన ఖర్చు పెట్టనంటాండు" అన్నాడు సూపర్‌వైజరు.

వదిన భూతద్దం పెట్టుకుని, వెనక మూత విప్పి, చాలాసేపు చూసిందట. తర్వాత మూత మళ్లీ మూసేసి, "తప్పు నాదే సారు. రింగు సక్కగ కూసోలే" అందట.

ఆ రోజు నుంచి డైవర్లెవరూ ఆమెకు వాచీ ఇవ్వొద్దని కంట్రాక్టరు చెప్పాడు. అన్న ఆ మాటకు ఎదురు చెప్పలేదు. తన జట్టు మనిషి కాళ్లు తన భార్య చేతి పని వల్ల పోయాయని ఆయన నమ్మాడు. ఏడు వాచీలూ పెట్టెలో పెట్టి తాళం వేసి, ఇక టైం తానే తాడు లాగి చెప్పేవాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయన ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడలేదని వాళ్ల బిడ్డ తర్వాత చెప్పింది.

నేను ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. పాపం, నిజంగానే తన తప్పనుకుందేమో అనిపించింది. నేను నోరు తెరిస్తే ఖర్చు ఆగిపోతుంది, కాళ్లు రావు. నయమయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

కర్ర పట్టుకుని నందికొండకు తిరిగొచ్చాను. ఎడమకాలు దాదాపు వచ్చింది. కుడికాలు ఇప్పటికీ ఈడుస్తాను. డైవింగ్ పోయింది. పడవ దగ్గర సామాను చూసుకునే పని ఇచ్చారు. మార్కెట్ దారిలో వెళ్తే వదిన బల్ల ముందు నుంచి వెళ్లాలి. నేను ఊరి దవాఖాన వెనక దారిన, ఎత్తు ఎక్కి, చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఆ కాలితో ఆ ఎత్తు ఎక్కడం ఎంత కష్టమో నాకే తెలుసు. అలా దాదాపు రెండేళ్లు ఎక్కాను. ఒకసారి దూరం నుంచి చూశాను. బల్ల మీద రెండు గోడ గడియారాలు, ఒక అలారం గడియారం ఉన్నాయి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. ఆమె అలా ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి ఒక రోజు నా భార్యకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఇయ్యాల్నే పో. రేపంటే మళ్ల పోవు" అంది.

వదిన మెట్ల మీద సాసర్లో చాయ్ తాగుతోంది. నన్ను చూసి పక్కకు జరిగి జాగా ఇచ్చింది. "కాలు ఎట్లుంది తమ్మీ?" అంది, నిన్ననే కలిసినట్టు.

"వదినా, గా వాచి తప్పు నీది కాదు. నేనే కీ తిప్పలే" అన్నాను. ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. వచ్చింది ఆ ఒక్క ముక్కే.

ఆమె సాసరు ఖాళీ చేసి కింద పెట్టింది. "నాకెరుకే" అంది.

"ఎప్పటి సంది?"

"మూత తీసిన్నాడే. నీళ్లు అబద్ధమాడయి తమ్మీ. ఏడికెల్లి వచ్చినయో ఆడ మట్టి ఇడిసిపెట్టి పోతయ్. వెనక రింగు మీద గ్రీజు పూసింది పూసినట్టే ఉంది. కీ మరల సందుల నిండ ఒండ్రు. కీ బిగిచ్చి ఉంటే ఆడికి ఒండ్రు ఎట్ల పోతది?"

నాకు తల ఎత్తాలనిపించలేదు. "మరి నీ తప్పని ఎందుకు చెప్పినవ్ వదినా?"

"నువ్వు ఆడ పండుకొని ఉన్నవ్. నడుం కింద పానం లేదన్నరు. సూపర్‌వైజరు నా నోట్లకెల్లి ఏం మాట వస్తదా అని చూస్తాండు. గప్పుడు నిజం చెప్పి ఏం జేసుకుంట?"

"అన్నకన్న చెప్పవద్దా?"

"ఆయన లోపల ఒకటి పెట్టుకొని బయట ఒకటి మాట్లాడరాని మనిషి. చెప్తె తెల్లారి సేటుకు చెప్తడు."

"నేను వచ్చినంక? నాకు నయమైనంక?"

ఆమె గ్లాసు సాసర్లో పెట్టింది, మళ్లీ తీసింది. "అప్పుడు చెప్తె నిన్ను పట్టిచ్చినట్టు అయితది గద. నువ్వే వస్తవని చూసిన" అంది. తర్వాత గొంతు తగ్గించి, "జర ఆలిస్యం చేసినవ్" అంది.

ఆమె నన్ను కోప్పడింది ఆ ఒక్క మాటతోనే. ఇన్నేళ్లయినా అది నాలో అలాగే ఉంది.

అక్కడి నుంచి నేరుగా అన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన పడవ తాళ్లు చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు. మొత్తం చుట్టి కొక్కేనికి తగిలించాక, నా వైపు చూడకుండానే, "పా" అన్నాడు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. వదిన అప్పుడే బల్ల సర్దుకుని వచ్చి బియ్యం కడుగుతోంది. ఆయన గడపలోనే నిలబడ్డాడు.

"రెండేండ్లు నాతోని ఎట్ల ఉన్నవే?" అన్నాడు.

"ఎట్ల ఉంట? వండిపెట్టుకుంట ఉన్న" అంది ఆమె, బియ్యం నుంచి తల తిప్పకుండా.

ఆయన లోపలికి వెళ్లి, పెట్టె తాళం తీసి, ఏడు వాచీలూ తువ్వాలలో వేసుకొచ్చి ఆమె పక్కన నేల మీద పెట్టాడు. అన్నీ ఆగిపోయి ఉన్నాయి. సెల్లులు అందులోనే ఉంచేయడంతో రెండింట్లో, వాటిలో నాదొకటి, అవి కారి, మిషన్ పచ్చగా పట్టింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఒక వాచీ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. "సెల్లు తీసి పెట్టాలె అనన్న తెల్వదా మీకు?" అంది. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రెండేళ్లకు కాదు, ఆ మిషన్లకు ఏడుస్తున్నట్టు ముఖం పెట్టుకుంది. మేమిద్దరం అలాగే అనుకున్నట్టు నిలబడ్డాం.

ఆ రెంటిలో ఒక మిషన్ చచ్చిపోయింది. రెండోదాన్ని ఆమె నెల రోజులు కూర్చుని బతికించింది. నిమ్మరసంతో పచ్చదనం కడిగి, తెగిన రాగితీగ చుట్టను తీసేసి, చచ్చినదాంట్లోంచి మంచి చుట్ట తెచ్చి పెట్టింది. సెకన్ల ముల్లు మొదటిసారి కదిలినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సెకనుకు ఒక అడుగు కాకుండా, రెండు సెకన్లకు ఒకసారి రెండడుగులు దుంకుతోంది. పాడైందనుకున్నాను.

"పాడు గాలే. సెల్లు పాతది పెట్టిన, ఆకలైతాందని చెప్తాంది. గీ పాత మిషన్లు గట్లనే. ఆగే ముందు చెప్తయి" అంది. ముల్లు మీంచి చూపు తీయకుండా, "మనుషులే చెప్పరు" అంది. అది నన్ను ఉద్దేశించిందో, అన్ననో, తననో నేను అడగలేదు.

కంట్రాక్టరు దగ్గరికి కూడా వెళ్లి చెబుతానన్నాను. వద్దంది. నాకే మనసు ఒప్పక వెళ్లాను. అప్పటికే కంట్రాక్టు మారి వేరే వాళ్లొచ్చారు. పాత సూపర్‌వైజరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మార్కెట్లో మాత్రం చాయ్ హోటల్ ముందు నిలబడి, వినే ప్రతివాడికీ చెప్పాను. సగంమందికి ఆ సంగతే గుర్తు లేదు. ఆమె పేరు పోయినప్పుడు అందరికీ తెలిసింది, తిరిగొచ్చినప్పుడు వినడానికి ఎవరికీ తీరిక లేదు.

డైవర్లు మళ్లీ ఆమె దగ్గరికి వచ్చారు. కానీ కాలం కూడా మారింది. కొత్త జట్టు కుర్రాళ్లకు చేతికి చిన్న కంప్యూటరు వంటిది వచ్చింది. లోతు, టైము, ఎక్కడ ఆగాలో అన్నీ అదే చెబుతుంది. వదిన ఒకదాన్ని అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిదే. గీ పిల్లలు సల్లగుండాలె" అని ఇచ్చేసింది. "విప్పరాదు గని" అని మాత్రం అంది. పాత వాచీలు పనిలోంచి తప్పుకుని మా మణికట్ల మీదికి వచ్చాయి. ఏడాదికోసారి వాటికి సెల్లు, రింగులు మార్చి, పాత పద్ధతిలోనే కాగితం పెట్టి తాడుకు కట్టి దింపించేది. ఎవరూ నీళ్లలోకి దిగరని తెలిసినా సరే.

కరోనా ముందు ఏడాది అన్న పోయాడు. ఆ తర్వాత ఆమెకు కళ్లలో పొర వచ్చింది. ఆపరేషన్ అయినా ఇదివరకటి చూపు రాలేదు. సెల్లు మీది సన్నటి అంకెలు నేను చదివి చెప్పేవాణ్ణి. చిమటా పట్టుకుంటే చేయి వణికేది. ఆమె పని ఆపి, చేయి నిలిచేదాకా ఓపికగా దాన్నే చూస్తూ కూర్చునేది. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నా కాలు, ఆమె కళ్లు, చాయ్. సాయంత్రం బల్ల ఎత్తడానికి నేను ఒకవైపు పట్టుకుంటే, "నువ్వు కుంటోనివి, నేను గుడ్డిదాన్ని, మంచిగ కుదిరింది" అనేది. నేనెన్నిసార్లు క్షమించమని అడగబోయినా మాట మార్చేసింది. చివరికి అడగడం మానేశాను. సాయంత్రాలు బల్ల ఎత్తడానికి వెళ్లడం మాత్రం మానలేదు.

బిడ్డ వచ్చి మిర్యాలగూడకు తీసుకుపోయే ముందురోజు, "తమ్మీ, ఒక్కపారి పడవల తిప్పుకరా" అంది. నేను ఆశ్చర్యపోయాను. భర్త, మేమంతా అన్నం తిన్నది ఆ నీళ్ల మీదే అయినా, ఆమె ఎన్నడూ పడవ ఎక్కలేదట. తెలిసిన జాలరి ఒకాయన పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్లాను. మధ్యాహ్నం దాటింది. గాలి లేదు. డ్యాం దగ్గరికి పోనివ్వరు కాబట్టి దూరం నుంచే చూపించాను.

"నువ్వు గానాడు ఏడ దిగినవ్?" అని అడిగింది.

"గా మూడో గేటు కాడ వదినా."

చేయి అడ్డం పెట్టుకుని ఆ వైపు చూసింది. ఆమెకు గేట్లు కనిపించాయో, ఉత్త తెల్లటి గోడ కనిపించిందో తెలియదు. తర్వాత గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, పడవ అంచు మీదికి వంగి, కుడిచేయి నీళ్లలో పెట్టింది.

"సల్లగున్నయి" అంది.

"చెయ్యి తిమ్మిరెక్కుతది వదినా, తీయరాదు?"

"ఉండనియ్యి" అంది.

జాలరి పడవను మెల్లగా ఒడ్డు వైపు తిప్పాడు. ఆమె కళ్లు మూసుకుని, చెంప పడవ అంచుకు ఆనించుకుంది. ఒడ్డు వచ్చేదాకా ఆ చేయి నీళ్లలోనే ఉంది, వేళ్లు విడిగా చాపి. ఆ వేళ్ల వెనక నీళ్ల మీద సన్నటి గీతలు పడుతూ, కాస్త దూరం పోయాక కలిసిపోతూ ఉన్నాయి.